ఎథిక్స్ కమిటీ ఎస్‌ఓపీలో పర్యావరణం పేజీ: పీజీ ప్రోటోకాల్స్‌ను అసలు ఏం అడగాలి?

హంద్రీగట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక వైద్య కళాశాల ఎథిక్స్ కమిటీ (మనుషులతో చేసే పరిశోధనలను ముందే చూసి అనుమతించే కమిటీ) కోసం ఎస్‌ఓపీ (పనితీరు నియమావళి) తిరగరాసే పని నడుస్తోంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో పన్నెండు సాధారణ సూత్రాలున్నాయి, ఆఖరుది పర్యావరణ పరిరక్షణ. మిగతా పదకొండింటికీ మా ఫారంలో ఏదో ఒక ప్రశ్న ఉంది. పన్నెండోదానికి మాత్రం "వ్యర్థాలను బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం పారవేస్తాము" అన్న ఒకే ఒక వాక్యం, అది కూడా ఒక ప్రోటోకాల్ (పరిశోధన ప్రణాళిక) నుంచి ఇంకోదానికి కాపీ అవుతూ వస్తోంది. రక్తమే తీయని ప్రశ్నావళి సర్వేల్లో కూడా అదే వాక్యం ఉంటుంది!

2024 అక్టోబరులో సవరించిన హెల్సింకి డిక్లరేషన్ (వైద్య పరిశోధన నైతికత మీద ప్రపంచ వైద్య సంఘం ప్రకటన) ఇంకో అడుగు ముందుకేసింది. పరిశోధనను నడిపే తీరులోనే కాదు, రూపకల్పనలోనే పర్యావరణ హానిని తప్పించాలి లేదా తగ్గించాలి, సుస్థిరత కోసం ప్రయత్నించాలి అంటోంది. కాబట్టి ఒక పేజీ మార్గదర్శకం, దాని వెంట కొన్ని ప్రశ్నలు రాయాలనుకుంటున్నాం.

మాకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం పీజీ థీసిస్‌లే: గర్భిణుల్లో రక్తహీనత, షుగరు, కల్చర్ సెన్సిటివిటీ (ఏ సూక్ష్మజీవికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష), తాగునీటిలో ఫ్లోరైడ్. సగం పని ల్యాబ్‌లో, సగం మండలాల్లో క్యాంపులు పెట్టి. అడగాలనుకున్నవి మూడు. ఈ విషయంలో ప్రోటోకాల్‌ను ఆపే అధికారం కమిటీకి ఉందా? కార్బన్ లెక్క వేసి తెమ్మనాలా? టిక్కు పెట్టి వదిలేసే కాగితం కాకుండా ఉండాలంటే ప్రశ్నలు ఎట్లా ఉండాలి?

చిత్రావతి (అనంతపురం)

హంద్రీగట్టు గారూ, మొదట అధికారం సంగతి. "పాల్గొనేవారి హక్కులు, భద్రత, క్షేమం చూడటమే మన పని, చెట్లూ నీళ్లూ కాదు" అనే సభ్యులు ప్రతి కమిటీలో ఉంటారు. వాళ్లకు జవాబు మీరు చెప్పిన ఆ పన్నెండో సూత్రమే. పరిశోధన అన్ని దశల్లోనూ పర్యావరణాన్నీ వనరులనూ కాపాడే బాధ్యత పరిశోధకుడిదని అందులో ఉంది. ఆ బాధ్యత నెరవేరుతోందా అని అడిగే హక్కు కమిటీకి దాని వెంటే వస్తుంది.

అయితే అడగడం వేరు, ఆపడం వేరు. ఈ రెండింటినీ ఎస్‌ఓపీలోనే విడదీసి రాయండి. ఆపాల్సిన సందర్భాలు నా లెక్కలో రెండే. ఒకటి, చట్టం మీరుతున్నప్పుడు: క్యాంపు వ్యర్థాలను ఊర్లోనే కాల్చేస్తాం, పూడ్చేస్తాం అన్నట్టు ఉంటే. రెండు, హాని నేరుగా పాల్గొనేవారి ఊరి నీటి మీదో నేల మీదో పడుతున్నప్పుడు. మిగతా అన్నింటికీ "సవరించి తెండి" లేదా "సలహా" చాలు. ఫ్రీజర్ కరెంటు ఎక్కువ తింటుందని ఒక మంచి క్షయ అధ్యయనాన్ని వెనక్కి పంపే కమిటీ తన పని మరిచినట్టే.

ఎక్కువమంది గమనించని చిక్కు ఇంకొకటుంది, భారం చేతులు మారడం. ఉదాహరణకు కర్నూలు నుంచి ఆదోని దాదాపు వంద కిలోమీటర్లు. జీపు రానూపోనూ రెండువందలు. లీటరుకు పన్నెండు కిలోమీటర్లు వేసుకుంటే పదిహేడు లీటర్ల డీజిలు. లీటరుకు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున ఒక క్యాంపుకు దగ్గరదగ్గర 45 కిలోలు. దీన్ని తగ్గిస్తామని పరిశోధకుడు క్యాంపు ఎత్తేసి, నలభైమంది గర్భిణులను టౌనుకు రమ్మంటే ప్రోటోకాల్‌లో డీజిలు సున్నా అవుతుంది. ఆ నలభైమంది ఎక్కిన ఆటోలు, బస్సులు, పోగొట్టుకున్న కూలి ఏ లెక్కలోకీ రావు. పాపం వాళ్లకు ప్రయాణ ఖర్చులు ఇస్తామన్నా, పొగ మాత్రం ఇంకా పెరిగే ఉంటుంది. అందుకే మార్గదర్శకంలో ఒక వాక్యం తప్పకుండా ఉండాలి: పర్యావరణం పేరుతో చేసే ఏ మార్పూ పాల్గొనేవారి మీద ఖర్చు, శ్రమ, ప్రమాదం పెంచకూడదు.

కన్సెంట్ ఫారంలో (పాల్గొనేవారి సమ్మతి పత్రంలో) కార్బన్ గురించి రాయాలా అని తర్వాత అడుగుతారు, ముందే చెప్తున్నా. అక్కర్లేదు, ఉన్న ఫారమే చదవలేనంత పొడుగైపోయింది. శాంపిల్ ఎన్నాళ్లు దాస్తారు, ఎక్కడికి పంపుతారు అన్నది మాత్రం ఎట్లాగూ చెప్పాలి, అదే చాలు.

ఇక సభ్యుల్లో పర్యావరణ నిపుణుడు లేడని ఆగొద్దు. అవసరమైనప్పుడు బయటి నిపుణుడిని పిలవచ్చు. రహస్యం కాపాడతానని సంతకం పెడతాడు, అభిప్రాయం చెప్తాడు, ఓటు మాత్రం ఉండదు.

మైక్రోల్యాబ్_అనంత

మేడం చెప్పిన జీపు లెక్క పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. శాంపిల్స్ దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు పాతదైతే రోజుకు 16 నుంచి 20 యూనిట్లు తింటుంది. 18 అనుకుందాం. మన గ్రిడ్డులో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. రోజుకు పన్నెండున్నర కిలోలు, ఏడాదికి నాలుగున్నర టన్నులు. అంటే ఆదోని క్యాంపు ఒకటి ఫ్రీజరు నాలుగు రోజుల తిండి కూడా కాదు. జనం జీపు మీద పడతారు గానీ మూలన గుర్రుమంటున్న ఫ్రీజరు జోలికి పోరు.

కాబట్టి ఫారంలో మొదటి ప్రశ్న అదే అడగండి: శాంపిల్ ఎందుకు దాస్తున్నారు, ఎప్పుడు తీసి పారేస్తారు? ఒక్క అధ్యయనానికే కన్సెంట్ తీసుకున్న సీరం (రక్తం నుంచి వేరుచేసిన ద్రవం), ఆ అధ్యయనం అయిపోయాక మళ్లీ కన్సెంట్ గానీ కమిటీ అనుమతి గానీ లేకుండా వేరే దేనికీ వాడకూడదు. అయినా "ఎప్పుడైనా పనికొస్తుంది" అని ఏళ్ల తరబడి ఉంటుంది. వాడే హక్కు లేని గొట్టాలకు కరెంటు బిల్లు కడుతున్నట్టు. పారేసే తేదీ, పారేసేవాళ్ల హోదా ప్రోటోకాల్‌లోనే ఉంటే పీజీ పాసై వెళ్లిపోయాక ఆ ర్యాక్ అనాథ కాదు.

మైనస్ 80 నుంచి మైనస్ 70కి మారిస్తే కరెంటు 20 నుంచి 30 శాతం తగ్గుతుంది. డీఎన్‌ఏ, చాలా రకాల సీరం పరీక్షలకు ఇబ్బంది లేదు. ఆర్‌ఎన్‌ఏ, కొన్ని ఎంజైముల సంగతి కిట్ కాగితం చూసి తేల్చుకోవాలి, స్పాన్సర్ ప్రోటోకాల్‌లో ఉష్ణోగ్రత రాసి ఉంటే ముట్టుకోవద్దు. మార్చే పద్ధతి ఇదీ: ముందు అన్నిటికంటే వెచ్చగా ఉండే షెల్ఫులో (మామూలుగా పైన, తలుపు దగ్గర) వారం రోజులు లాగర్ (ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం) పెట్టి చూడండి. తర్వాత ఐదైదు డిగ్రీలుగా పైకి తెండి. అందరూ బోల్తా పడేది అలారం దగ్గర. సెట్ పాయింట్ (ఫ్రీజరుకు పెట్టే ఉష్ణోగ్రత) మైనస్ 70కి తెచ్చి అలారం పాత మైనస్ 70 దగ్గరే వదిలేస్తారు. తలుపు తీసిన ప్రతిసారీ కూత పెడుతుంది, విసుగెత్తి ఎవరో సౌండ్ ఆపేస్తారు, ఒక రాత్రి నిజంగానే కంప్రెసర్ పోతే తెల్లారేదాకా ఎవరికీ తెలీదు. సెట్ పాయింట్‌తో పాటు అలారం కూడా పది డిగ్రీలు పైకి జరపాలి.

మన అనంతపురం ఎండకు, దుమ్ముకు కండెన్సర్ ఫిల్టర్ నెలకోసారి కడగకపోతే పై లెక్కలేవీ నిలవవు. గోడకు అరడుగైనా ఎడం ఉండాలి. లోపల మంచు గీకాలి. ఖాళీ అరల్లో ఖాళీ డబ్బాలైనా పెట్టండి, తలుపు తీసినప్పుడు చల్లగాలి మొత్తం కిందికి జారిపోదు.

నీళ్లు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని జిల్లాలో దీన్ని కార్బన్ కంటే ముందు పెట్టాలి. గాజు డిస్టిలేషన్ సెట్‌లో ఒక లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు పది లీటర్లకు పైగా నీళ్లు కండెన్సర్‌ను చల్లబరిచి నేరుగా సింకులోకి పోతాయి. ఆ నీళ్లు మురికివి కావు, వేడెక్కినవి అంతే. పైపును డ్రమ్ములోకి మళ్లిస్తే గాజుసామాను మొదటి కడుగుడుకు వాడుకోవచ్చు, లేదా చిన్న పంపు పెట్టి తిప్పుకోవచ్చు. మన బోరు నీళ్లకు హీటర్ మీద సున్నం గట్టిగా పేరుకుంటుంది, అందుకే ఆర్‌ఓ నీళ్లు పోసి డిస్టిల్ చేయడం మేలు. ఆర్‌ఓ నుంచి వదిలేసే నీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పులు ఇంకా చిక్కగా ఉంటాయి. ఫ్లోరైడ్ ఊర్లలో వాటిని పశువుల తొట్టికి, కూరగాయల మడికి మళ్లించొద్దు. నేల తుడవడానికి, బాత్రూంలకు సరిపోతాయి.

రసాయనాల గురించి ఎంతైనా రాయొచ్చు, రెండే చెప్తా. ఫ్లోరైడ్ కొలవడానికి స్పాడ్న్స్ అనే రంగు పద్ధతి వాడేవాళ్లు క్లోరిన్ తీసేయడానికి సోడియం ఆర్సెనైట్ కలుపుతారు. నీటిలో విషం వెతుకుతూ సింకులో ఆర్సెనిక్ పోయడం! ఆర్సెనిక్ లేని రీజెంట్లు దొరుకుతున్నాయి. లేదంటే ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్, టిసాబ్ బఫర్‌తో (కొలత నిలకడగా ఉండటానికి కలిపే ద్రావణం) చేయమనండి. రెండోది హిమోగ్లోబిన్ కొలవడానికి వాడే డ్రాబ్‌కిన్స్ ద్రావణం. లీటరులో 50 మిల్లీగ్రాముల పొటాషియం సైనైడ్ ఉంటుంది. ఒక్కో పరీక్షకు 5 మిల్లీలీటర్లు, వెయ్యిమందికి 5 లీటర్లు, మొత్తం 250 మిల్లీగ్రాములు. పలచగా ఉంది కదా అని భయం లేనట్టు పోస్తారు. యాసిడ్ పోసిన సింకులోనే పోస్తే హైడ్రోజన్ సైనైడ్ వాయువు వస్తుంది. వాడిన ద్రావణాన్ని వేరే క్యానులో, క్షారంగా ఉంచి, పేరు రాసి, రసాయన వ్యర్థంగా పంపాలి.

గండికోట_గణాంకాలు (కడప)

డ్రాబ్‌కిన్స్ మానేసి ఇంకో పద్ధతికి పోండి అని కమిటీ సలహా ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఆటో అనలైజర్లలో సైనైడ్ లేని రీజెంట్‌తో సిరరక్తం కొలవడం ఒకటి, వేలికొన నుంచి చుక్క తీసి చిన్న మీటర్‌తో చూడడం ఇంకొకటి. వేలు గట్టిగా పిండితే కణజాల ద్రవం కలిసి రీడింగ్ పడిపోతుంది. రక్తహీనత శాతమే మారిపోతుంది, పాత సర్వేలతో పోల్చడానికి వీలుండదు. పైగా ఆ మీటర్ల క్యూవెట్లలో (రక్తపు చుక్క పట్టే చిన్న పాత్రల్లో) కొన్నింట్లో సోడియం అజైడ్ అనే విషరసాయనం ఉంటుంది. అది సీసం, రాగి పైపుల్లో పేరుకుంటే పేలే గుణమున్న లవణాలు తయారవుతాయి. వాటిని కూడా సింకులో కడగకూడదు. ఒక చెత్త తీసి ఇంకో చెత్త తెచ్చుకోవడం కాకుండా చూసుకోండి.

నా అసలు మాట వేరే. పర్యావరణం పేజీలో శాంపిల్ సైజు ప్రశ్న లేకపోతే ఆ పేజీ దండగ. చామర్స్, గ్లాస్జియో 2009లో లాన్సెట్‌లో రాసిన అంచనా ఏమంటే, వైద్య పరిశోధన మీద పెట్టే పెట్టుబడిలో 85 శాతం వృథా. ప్రశ్నే సరైనది కాకపోవడం, పద్ధతి సరిగా లేకపోవడం, ఫలితం అచ్చు వేయకపోవడం, వేసినా పనికిరానట్టు రాయడం, ఇవీ కారణాలు. జవాబు చెప్పలేని థీసిస్‌కు వాడిన ప్రతి సూది, ప్రతి వ్యాక్యుటైనర్ (రక్తం పట్టే గొట్టం), ప్రతి లీటరు డీజిలు ఊరికే పోయినట్టే. దాన్ని ఎర్ర సంచిలో వేశారా పసుపు సంచిలో వేశారా అన్నది తర్వాతి మాట.

లెక్క చూడండి. గర్భిణుల్లో రక్తహీనత 60 శాతం ఉండొచ్చనుకుని, 5 శాతం అటూ ఇటూ ఖచ్చితత్వం కావాలంటే 369 మంది. ఊర్ల వారీగా గుంపులుగా తీసుకుంటున్నాం కాబట్టి డిజైన్ ఎఫెక్ట్ (అందుకోసం సంఖ్యను పెంచే గుణకం) 2 అనుకుంటే 738. పదిశాతం మంది రాకపోతారనుకుంటే 820. అదే 7 శాతం చాలనుకుంటే 189, 378, చివరికి 420. సగానికి సగం కిట్లు, సగం క్యాంపులు మిగిలాయి. మరి 7 చాలా? జిల్లాకు ఒక అంకె కావాలంటే చాలు. రెండు మండలాల మధ్య తేడా తేల్చాలంటే 820 కూడా చాలదు. కాబట్టి కమిటీ అడగాల్సింది "ఎందుకింత ఎక్కువ" అని కాదు, "ఈ ఖచ్చితత్వంతో ఏ నిర్ణయం తీసుకుంటారు" అని. పర్యావరణం పేరు చెప్పి 50 మందితో సరిపెట్టే థీసిస్‌లకు ఈ పేజీ దొంగదారి కాకూడదు. తక్కువమందితో తేలనిది మళ్లీ ఇంకో బ్యాచ్ చేస్తుంది, ఖర్చు రెండింతలు.

ఇంకొకటి. ఒకే సీరం మీద ఇద్దరు పీజీలు వేర్వేరు ప్రశ్నలు వేసుకోవచ్చు. రెండు ప్రోటోకాల్స్‌లోనూ ఆ మాట రాసి, కన్సెంట్‌లో రెండు ఉద్దేశాలూ చెప్పి ఉంటే చాలు. ఒక గర్భిణిని రెండుసార్లు పొడవాల్సిన పని కూడా తప్పుతుంది.

హంద్రీగట్టు (కర్నూలు)

ధన్యవాదాలు, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. మీరు చెప్పినవి కలిపి చిత్తుప్రతి రాశాను, నిర్మొహమాటంగా చీల్చండి.

"1. ఈ ప్రశ్నకు ఉన్న రికార్డులతో, ఇదివరకే ఉన్న శాంపిల్స్‌తో జవాబు రాదా? రాదంటే ఎందుకు?
2. శాంపిల్ సైజు ఏ నిర్ణయం కోసం? లెక్క చూపండి.
3. శాంపిల్ ఎంత ఉష్ణోగ్రతలో, ఎన్నాళ్లు, ఎవరి బాధ్యతలో ఉంటుంది? పారేసే తేదీ?
4. వాడే విషరసాయనాల పేర్లు, మొత్తం పరిమాణం, బదులు ఉందా, ఎట్లా పారేస్తారు?
5. క్యాంపు వ్యర్థాలు ఏ వాహనంలో, ఎంతసేపట్లో తిరిగి వస్తాయి?
6. పై వాటిలో ఏ మార్పు వల్లనైనా పాల్గొనేవారికి ఖర్చు, శ్రమ, ప్రమాదం పెరుగుతుందా?
7. మొత్తం కార్బన్ లెక్క జతపరచండి."

రక్తమూ రసాయనమూ లేని ప్రశ్నావళి సర్వేలకు 1, 2, 6 మాత్రమే. ఈ పేజీ వల్ల మినహాయింపు వర్గంలోని (పూర్తి సమీక్ష అక్కర్లేని) ప్రోటోకాల్ పూర్తి సమావేశానికి రాకూడదని కూడా రాశాం.

చిత్రావతి (అనంతపురం)

ఏడోది తీసేయండి. పెద్ద బహుళకేంద్ర ట్రయల్స్‌కు కార్బన్ లెక్క అర్థవంతమే. క్రాష్ ట్రయల్ (తల గాయాలకు స్టెరాయిడ్ మందును పరీక్షించినది) ఐదేళ్లలో 630 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం అని 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లెక్క తేల్చాకే, సమన్వయ కేంద్రం కరెంటు, మందులూ కాగితాల రవాణా, సిబ్బంది ప్రయాణాలు ఎంత తింటున్నాయో బయటపడింది. పీజీ థీసిస్‌కు ఆ లెక్క అడిగితే ఇంటర్నెట్‌లో ఏదో క్యాలిక్యులేటర్ తెరిచి నోటికొచ్చిన అంకె రాస్తారు, దాన్ని సరిచూసే ఓపిక కమిటీలో ఎవరికీ ఉండదు. బదులుగా "మీ అధ్యయనంలో అన్నిటికంటే ఎక్కువ కరెంటు, నీరు, డీజిలు ఎక్కడ ఖర్చవుతుంది, దాన్ని తగ్గించడానికి ఒక్క మార్పు చెప్పండి" అని అడగండి. ఒక్కటే. పది అడిగితే పదీ ఉత్తివే వస్తాయి.

ఇంకో లోపం, ఇవన్నీ కమిటీ ముందుకు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. కిట్లకు ఇండెంట్ పెట్టేసి ఉంటారు, గైడు సంతకం అయిపోయి ఉంటుంది. ఈ పేజీని సైంటిఫిక్ కమిటీ (పరిశోధన పద్ధతిని ముందుగా చూసే కమిటీ) దశలోనే గైడు చేతికివ్వండి. 1, 2 ప్రశ్నలు అక్కడే తేలాలి. ఎథిక్స్ కమిటీకి 3 నుంచి 6 మిగిలితే చాలు. ముగింపు నివేదికలో శాంపిల్స్ పారేసిన తేదీ అడగడం మరవొద్దు, లేకపోతే మూడోది మళ్లీ కాపీ వాక్యం అవుతుంది.

మైక్రోల్యాబ్_అనంత

ఐదో ప్రశ్న ఇంకా గట్టిగా రాయండి సార్. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనలు క్యాంపులకు కూడా వర్తిస్తాయి. పరిశోధన క్యాంపు అని చెప్పి తప్పించుకోలేరు. జీపులో ఏమేం ఉండాలో కూడా రాసిస్తేనే పని జరుగుతుంది: సూదులు, లాన్సెట్లకు తెల్లటి పంక్చర్ కాని డబ్బా, రక్తం అంటిన దూదికి పసుపు సంచి, గ్లవ్స్, సూది లేని సిరంజిలకు ఎర్ర సంచి. తెచ్చిన రోజే బార్‌కోడ్ వేసి నమోదు చేయాలి. రక్తం అంటినవి 48 గంటలు దాటి నిల్వ ఉండకూడదు, శనివారం సాయంత్రం క్యాంపు పెట్టి సోమవారం దాకా జీపులోనే వదిలేస్తే ఈ ఎండకు ఎట్లుంటదో చెప్పక్కర్లేదు.

పరీక్ష అయిపోయిన రక్తం గొట్టాలను ల్యాబ్‌లోనే ముందు శుద్ధి చేయాలి. ఆటోక్లేవ్ అయితే 121 డిగ్రీలు, 15 పీఎస్‌ఐ, కనీసం 60 నిమిషాలు. మీడియాకు (సూక్ష్మజీవులను పెంచే పోషక పదార్థానికి) పెట్టే 15 నిమిషాల సైకిల్‌లోనే వ్యర్థాలను కూడా లాగించేస్తే కుదరదు. సంచి మూతి బిగించి కడితే ఆవిరి లోపలికి పోదు, వదులుగా మడవాలి. హైపోక్లోరైట్‌లో (క్లోరిన్ ఉన్న బ్లీచు ద్రావణంలో) నానబెట్టినవాటిని ఆటోక్లేవ్‌లో పెట్టొద్దు, క్లోరిన్ వాసన రావడమే కాదు, అది చాంబర్‌ను కూడా తినేస్తుంది. పసుపు సంచిలో అసలే వేయొద్దు, ఇన్సినరేటర్‌లో క్లోరిన్ కాలితే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి. సగం నిండిన ఆటోక్లేవ్‌ను రోజూ నడపడం కంటే రెండు డిపార్ట్‌మెంట్ల లోడు కలిపి నడపండి, నీళ్లూ కరెంటూ రెండూ మిగులుతాయి.

గండికోట_గణాంకాలు (కడప)

చిత్రావతి మేడం చెప్పిన "ఒక్క మార్పు" బాగుంది. దానికి ఒక కొలత కూడా తోడు పెట్టండి. ఫ్రీజర్‌కు ప్లగ్ మీటరు తగిలించి, మార్పుకు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు యూనిట్లు రాయమనండి. రెండూ ఒకే ఎండలో ఉండాలి. ఏప్రిల్ రీడింగును ఆగస్టుతో పోల్చి తగ్గిందని సంబరపడేవాళ్లుంటారు. గది ఉష్ణోగ్రత కూడా పక్కనే రాస్తే ఆ గొడవ ఉండదు. మీటరు ఆంపియర్ల పరిమితి మాత్రం చూసి కొనండి, కంప్రెసర్ స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంటుకు చిన్న మీటర్లు మాడిపోతాయి.